ఆంగ్లికన్ పారిష్ పునర్వ్యవస్థీకరణ, ఉమ్మడి పరిచర్య: పల్నాడు గ్రామసంఘాల అనుభవం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంగ్లండులో పారిష్ వ్యవస్థను సడలించి, పలు సంఘాలను ఒక గుంపుగా చేసి, గురువులూ సామాన్య విశ్వాసులూ కలిసి పరిచర్య నడిపే పద్ధతుల మీద గత అరవై ఏళ్లుగా చర్చ సాగుతోంది. ఆ చర్చలో కొత్తగా కనిపించే అంశాలు చాలావరకు తెలుగు గ్రామసంఘాలకు మొదటినుంచీ పరిచితమైనవే. పల్నాడులో ఒక గురువు అనేక ఊళ్లు తిరగడం, ఊరి సంఘాన్ని పంతులు నడపడం అవసరం కొద్దీ ఏర్పడిన ఆచారాలు. ఈ వ్యాసం దోర్నకల్ అధ్యక్ష ఖండం నమూనాను, 1947 నాటి దక్షిణ ఇండియా సంఘ ఐక్యతను, పి.వై. లూక్, జాన్ బి. కార్మన్‌ల గ్రామసంఘ అధ్యయనాన్ని పల్నాడు అనుభవం వెలుగులో పరిశీలిస్తుంది. గ్రామసంఘాల్లో పని పంపకం జరిగింది గాని అధికార పంపకం జరగలేదని, ఈ తేడాను గుర్తించని పునర్వ్యవస్థీకరణ గ్రామస్థాయి సేవకుల శ్రమను పెంచడానికే పరిమితమవుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పారిష్, పాస్టరేటు, ఉమ్మడి పరిచర్య, పంతులు, దోర్నకల్, పల్నాడు, చాపకూడు.

1. ప్రస్తావన

తెలుగునాట క్రైస్తవ సంఘ చరిత్రను గురించిన రచనలు ఎక్కువగా మిషనరీల జీవితాల చుట్టూ, సామూహిక మతాంతరీకరణల చుట్టూ తిరుగుతాయి. సంఘం రోజువారీగా ఎలా నడిచింది, ఆదివారం ఆరాధన ఎవరు జరిపారు, ప్రభు భోజనం ఎన్నాళ్లకొకసారి అందింది, చనిపోయినవారిని ఎవరు సమాధి చేశారు అన్న ప్రశ్నలు పక్కకు పోయాయి. ఇవి పాలనా వివరాలుగా కనిపించినా, సంఘంలో ఎవరి మాట చెల్లుతుందో తేల్చేవి ఇవే.

పల్నాడు ఈ పరిశీలనకు అనువైన ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన ఈ సీమలో లూథరన్, బాప్టిస్టు, కథోలిక సంఘాలు పక్కపక్కనే ఉన్నాయి. ఇక్కడ ఆంగ్లికన్ మిషన్ ప్రధాన పాత్ర వహించలేదు. మచిలీపట్నం కేంద్రంగా 1841లో ఆరంభమైన చర్చి మిషనరీ సొసైటీ కృష్ణకు ఆవలి తీరంలో విస్తరించగా, కృష్ణకు దక్షిణాన గుంటూరు, పల్నాడు ప్రాంతాలు ప్రధానంగా అమెరికా లూథరన్, బాప్టిస్టు మిషన్ల క్షేత్రాలయ్యాయి. ఆ కారణంగానే ఆంగ్లికన్ నమూనాను పక్కనుంచి పరీక్షించడానికి పల్నాడు ఒక కొలబద్దగా ఉపకరిస్తుంది. సిద్ధాంతాలు వేరైన సంఘాలు ఒకే నేల మీద ఒకే సమస్యను ఎదుర్కొన్నప్పుడు, సమస్యలో సిద్ధాంతం పాలు ఎంత, అలవాటు పాలు ఎంత అన్నది విడదీసి చూడవచ్చు.

2. పారిష్: ఇంగ్లండు నేపథ్యం

ఇంగ్లండు పారిష్ మొదట ఒక భూభాగం. దానికి ఎల్లలుంటాయి. ఆ ఎల్లల లోపల నివసించే ప్రతివారి ఆత్మసంరక్షణ ఆ పారిష్ గురువు బాధ్యత. ఆ నివాసి ఆదివారం గుడికి వచ్చినా రాకపోయినా అక్కడ వివాహం చేసుకొనే హక్కు, స్థలం ఉన్నంతవరకు అక్కడి సమాధి తోటలో చోటు పొందే హక్కు అతనికి ఉంటాయి. మాన్యాలు, నిధులు, గురువు నివాసం ఆ భూభాగంతో ముడిపడి ఉండేవి.

ఇరవయ్యో శతాబ్దపు నడుమ ఈ ఏర్పాటు బరువెక్కింది. గురువులు గ్రామాల్లో ఎక్కువగా, జనం నగరాల్లో ఎక్కువగా ఉన్న అసమతుల్యతను లెస్లీ పాల్ 1964లో సమర్పించిన నివేదిక ఎత్తిచూపింది. 1968 నాటి పాస్టరల్ మెజర్ బృంద పరిచర్యకు, సమూహ పరిచర్యకు చట్టబద్ధత కల్పించింది. 2004లో వెలువడిన ‘మిషన్ షేప్డ్ చర్చ్’ నివేదిక భూభాగంతో నిమిత్తం లేని కొత్త సంఘాలను సమర్థించగా, 2007 నాటి చట్టం బిషప్ ఆదేశంతో అటువంటి సంఘాలకు గుర్తింపు నిచ్చే మార్గం తెరిచింది. 2021లో లెస్టర్ డయాసిస్ తన పారిష్‌లను ‘మిన్‌స్టర్ కమ్యూనిటీ’లనే పెద్ద గుంపులుగా కూర్చడానికి నిర్ణయించింది. అదే ఏడాది పారిష్‌ను కాపాడాలంటూ ‘సేవ్ ద పారిష్’ ఉద్యమం తలెత్తింది.

ఇంగ్లండు వెలుపల మరొక దారి కనిపిస్తుంది. అమెరికాలోని నెవాడాలో బిషప్ వెస్లీ ఫ్రెన్స్‌డార్ఫ్ 1970లలో చిన్న సంఘాలకు బయటినుంచి గురువును పంపే బదులు ఆ సంఘంలోని వారినే ఎంపిక చేసి అభిషేకించే పద్ధతిని ప్రోత్సహించాడు. న్యూజిలాండ్ ఆంగ్లికన్లు దాదాపు ఇదే బాటలో స్థానిక ఉమ్మడి పరిచర్యను రూపొందించారు. ఈ రెండు దారులకూ తేడా స్పష్టం. మొదటి దారిలో గురువుల సంఖ్య తగ్గి, ఒక్కొక్కరి పరిధి పెరుగుతుంది. రెండో దారిలో పరిధి చిన్నదిగానే ఉండి, అధికారం పొందినవారి సంఖ్య పెరుగుతుంది. రెంటినీ ‘సడలింపు’ అనే ఒకే మాటతో పిలవడం వల్ల చర్చలో గందరగోళం ఏర్పడింది.

3. పల్నాడు: ఎల్లలు లేని పారిష్

1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్, కలెక్టరు హెన్రీ స్టోక్స్ ప్రోత్సాహంతో అక్కడ పని ఆరంభించాడు. నడుమ అమెరికా వెళ్లి 1847లో వైద్యపట్టా పొంది తిరిగివచ్చి, 1849లో గురజాలకు తరలాడు. పల్నాడులో లూథరన్ సంఘానికి అది ఆరంభం. ఒంగోలులో జాన్ క్లఫ్ నడిపిన బాప్టిస్టు మిషన్ 1876–78 కరవు కాలం తరవాత అనూహ్యంగా విస్తరించింది. 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. వేల సభ్యులు, వందల పల్లెలు ఉన్నా చాలాకాలం అదంతా లెక్కకు ఒంగోలు సంఘమే. క్షేత్రం మోయలేనంత పెరిగాక, 1883లో వినుకొండ, నరసరావుపేట ప్రత్యేక కేంద్రాలయ్యాయి.

ఈ చరిత్రలో ఇంగ్లండు అర్థంలో పారిష్ ఎక్కడా లేదు. లూథరన్ సంఘం తరవాతి కాలంలో ‘పారిష్’ అనే మాటను వాడినా, అది భూభాగాన్ని సూచించలేదు. ఊరంతా గురువు బాధ్యత కాదు. ఊరి చివర మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో సంఘంలో చేరిన కుటుంబాలు మాత్రమే అతని బాధ్యత. పారిష్ అంటే కొన్ని పల్లెల్లోని కొన్ని ఇళ్ల జాబితా. సభ్యులు కూలికో చదువుకో తరలిపోతే జాబితా మారేది; కొత్త పల్లె చేరితే పారిష్ పెరిగేది. ఇప్పుడు ఇంగ్లండు ప్రణాళికలు కోరుకుంటున్న సడలింపు ఇక్కడ పుట్టుకతోనే ఉంది.

అయితే ఈ సడలింపుకు ఒక చీకటి పార్శ్వం ఉంది. భూభాగపు ఎల్లలు లేనిచోట కులపు ఎల్లలే పారిష్ ఎల్లలయ్యాయి. ఒంగోలు బాప్టిస్టు ఉద్యమం ప్రధానంగా మాదిగల మధ్య సాగింది. గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలల సంఖ్య ఎక్కువ. ఫలితంగా ఒకే ఊళ్లో రెండు పల్లెలు, రెండు ప్రార్థనాలయాలు, ఇద్దరు పంతుళ్లు, రెండు మిషన్లు ఉండే స్థితి ఏర్పడింది. మిషన్లు క్షేత్రాలను పంచుకోవడానికి చేసుకున్న సర్దుబాట్లు ఈ విభజనను తుడిచివేయలేదు. ఈ నేల మీద ‘ఉమ్మడి పరిచర్య’ అన్న మాటకు రెండు మిషన్ల ఒప్పందాన్ని మించిన అర్థం ఉంది. రెండు పల్లెలు ఒక బల్ల దగ్గర కూర్చోవడం ఆ అర్థం.

4. పంతులు స్థానం

గ్రామసంఘానికి ఆధారం పంతులు. పగలు బడి, సాయంత్రం ప్రార్థన, ఆదివారం ఆరాధన అతని పని. బాప్తిస్మానికి సిద్ధపడేవారికి పాఠం చెప్పడం, రోగుల దగ్గర ప్రార్థన, తగాదాల్లో మధ్యవర్తిత్వం, దరఖాస్తు రాసిపెట్టడం, కానుకల లెక్క కూడా అతనివే. పంతులు భార్య ఆడవారి మధ్య చేసే పనికి తరచుగా వేరే జీతం ఉండేది కాదు. బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి చదువు, వాక్యం రెండూ చెప్పారు. గురువు, అంటే అభిషేకం పొందిన పాస్టరుగారు, వంతుల ప్రకారం వచ్చి ప్రభు భోజనం ఇచ్చి, బాప్తిస్మాలు జరిపి వెళ్లేవారు.

ఈ ఏర్పాటు తెలుగు సాహిత్యానికీ పరోక్షంగా తోడ్పడింది. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ గుంటూరులోని లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. ఊరూరికీ పంతుళ్లను తయారుచేసిన వ్యవస్థలో ఆయన ఒక భాగం. ఆలయ ప్రవేశం లేని మనిషి తన మొరను శివుడికి చేరవేయమని గబ్బిలాన్ని వేడుకోవడం ‘గబ్బిలం’ కావ్యవస్తువు. పవిత్రస్థానానికి నేరుగా చేరలేనివారు ఎవరి ద్వారా చేరుకోవాలి అన్న ప్రశ్న ఆ కావ్యంలో హిందూ సమాజాన్ని ఉద్దేశించినదే. గురువు వచ్చేదాకా బల్ల ఖాళీగా ఉండే గ్రామసంఘానికి కూడా ఆ ప్రశ్న వర్తిస్తుంది.

పంతులు స్థానం బడి మీద ఆధారపడింది. బడికి వచ్చే ప్రభుత్వ గ్రాంటు, మిషన్ నిధి కలిస్తేనే అతని జీతం. విదేశీ నిధులు తగ్గడం, ప్రాథమిక విద్య క్రమంగా ప్రభుత్వ బాధ్యతగా మారడం అనే రెండు కారణాల వల్ల బడి, గుడి వేరయ్యాయి. బడి ఉపాధ్యాయుడు ప్రభుత్వ నిబంధనల పరిధిలోకి వెళ్లాడు. గుడిలో మిగిలిన పనికి జీతం లేదు, హోదా లేదు. ఊళ్లో నివసించే సంఘసేవకుడు అనే స్థానమే ఇలా బలహీనపడింది. పంతులు పోయిన తరవాత అతని పని గురువు మీదా, జీతం లేని సంఘపెద్దల మీదా పడింది.

5. దోర్నకల్ నమూనా: బలం, పరిమితి

ఆంగ్లికన్ సంప్రదాయంలో ఈ సమస్యను సూటిగా ఎదుర్కొన్నవాడు బిషప్ వి.ఎస్. అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్‌గా దోర్నకల్ అధ్యక్ష ఖండాన్ని 1945 జనవరి 1న మరణించేవరకు నడిపాడు. రోలండ్ అలెన్ మిషనరీ పద్ధతులను ప్రశ్నిస్తూ రాసిన గ్రంథం వెలువడింది కూడా 1912లోనే. బయటి నిధుల మీద ఆధారపడకుండా స్థానిక సంఘాలకే సంస్కారాలు జరిపే అధికారం అప్పగించాలన్నది అలెన్ వాదం.

అజరయ్య ఆ వాదంలో కొంత దూరం నడిచాడు. ఆంగ్లవిద్య ప్రమాణంగా గురువులను ఎంపిక చేసే పద్ధతిని వదిలి, గ్రామాల్లో అనుభవం గడించిన పంతుళ్లను తెలుగులోనే శిక్షణ ఇచ్చి అభిషేకించాడు. దోర్నకల్ శిక్షణలో భర్తలతో పాటు భార్యలకూ పాఠాలుండేవి. బాప్తిస్మం పొందేవారు తమ చేయి తమ తలమీద ఉంచుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా పలకాలని నిర్దేశించాడు. సాక్ష్యమిచ్చే పని గురువుదే కాదు, బాప్తిస్మం పొందిన ప్రతివారిదీ అన్న బోధ ఆ చర్యలో ఉంది. ఇంగ్లండు నివేదికలు ‘విశ్వాసులందరి పరిచర్య’ను కనుగొనడానికి దశాబ్దాల ముందే దోర్నకల్ పల్లెల్లో అది ఆచారమైంది.

పరిమితి కూడా ఇక్కడే ఉంది. ప్రకటించే బాధ్యత అందరికీ అందింది. బల్ల దగ్గర నిలిచే అధికారం అభిషిక్తులకే మిగిలింది. పంతుళ్లలో కొందరు గురువులయ్యారు. కాని గురువైన పంతులు తన ఊరివాడిగా ఉండక, పలు ఊళ్లకు తిరిగే జీతగాడయ్యాడు. అతని ఊరు మళ్లీ గురువు కోసం ఎదురుచూసే ఊరుగానే మిగిలింది. అజరయ్య గురువుల సంఖ్యను పెంచాడు, వారిని గ్రామానికి దగ్గర చేశాడు. గురువు, గ్రామం అనే రెండు తలాల దూరాన్ని మాత్రం తొలగించలేదు. ఆయన కాలపు నిధుల కొరతలో అంతకు మించి సాధ్యమయ్యేదా అన్నది వేరే ప్రశ్న. ఆ నమూనాను ఈనాటి పునర్వ్యవస్థీకరణకు ఆదర్శంగా చూపేవారు ఈ పరిమితిని కూడా చెప్పవలసి ఉంటుంది.

6. 1947 ఐక్యత: పైస్థాయి సడలింపు

1919లో తరంగంబాడిలో ఆరంభమైన ఐక్యతా ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ మూలాలు గల దక్షిణ ఇండియా ఐక్య సంఘం ఇందులో కలిశాయి. బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని పూర్వపు గురువులను తిరిగి అభిషేకించకుండానే స్వీకరించడం, ముప్పై ఏళ్ల పరివర్తన కాలం ఉంచడం, ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి విరుద్ధమైన గురువును రుద్దబోమని మాట ఇవ్వడం ఈ ఐక్యతలోని ప్రధానాంశాలు. గురుత్వాన్ని ఇంత సడలించిన ఆంగ్లికన్ ప్రయోగం ప్రపంచంలో మరొకటి అప్పటికి లేదు. అందుకే ఇంగ్లండులో తీవ్రమైన అభ్యంతరాలు వచ్చాయి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు ఐక్యత వెలుపలే ఉండి, 1975లో గాని దక్షిణ ఇండియా సంఘంలో చేరలేదు. అదే నంద్యాలకు 2013లో ఇ. పుష్పలలిత బిషప్ అయి, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్‌గా నిలిచారు. ఒకనాడు కదలనన్న చోటే తరవాత పెద్ద కదలిక రావడం గమనించదగినది.

కాని ఈ సడలింపు అంతా గురువుల మధ్య జరిగింది. ఏ గురువు ఏ గురువును గుర్తించాలి అన్నది 1947 ప్రశ్న. గురువు లేని ఊరి సంగతి ఆ చర్చలో ప్రధానం కాలేదు. ఐక్యత పల్నాడును చేరలేదు కూడా. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం గాని, బాప్టిస్టు సంఘాలు గాని ఇందులో కలవలేదు. దక్షిణ ఇండియా సంఘానికీ లూథరన్లకూ నడుమ 1948 నుంచి 1959 వరకు వేదాంత చర్చలు జరిగి పలు విషయాల్లో అంగీకారం కుదిరినా సంఘాలు ఒకటి కాలేదు.

కింది స్థాయిలో మాత్రం మరో రకం ఐక్యత కొనసాగింది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ లూథరన్లకూ బాప్టిస్టులకూ దక్షిణ ఇండియా సంఘానికీ ఉమ్మడి పాటల పుస్తకం. 1964లో రాజమండ్రిలో ఏర్పడి తరవాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో ఈ సంఘాల అభ్యర్థులు ఒకే తరగతిలో చదువుతారు. ఒకే పాటలు పాడి, ఒకే గురువుల దగ్గర చదివి వచ్చినవారు నరసరావుపేటలో వీధికి ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు వేర్వేరు పట్టికలకు కాపరులవుతారు. ఉమ్మడి పరిచర్యకు వనరుల కొరత ఉందన్న వాదం ఈ దృశ్యం ముందు నిలవదు. ఉమ్మడిగా ఉన్న వనరులను ఊరిదాకా రానీయని సంస్థాగత అలవాటే అసలు అడ్డంకి.

7. లూక్–కార్మన్ అధ్యయనం: ఒక విమర్శ

తెలుగు గ్రామసంఘాన్ని దగ్గరగా చూసిన అధ్యయనాల్లో పి.వై. లూక్, జాన్ బి. కార్మన్‌ల ‘విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్’ (1968) ముఖ్యమైనది. మెదక్ డయాసిస్‌లోని వాడియారం పాస్టరేటులో జంగరాయి సెక్షన్ పల్లెలు దీని క్షేత్రం. గ్రామ క్రైస్తవుల పండుగలు, గ్రామదేవతలతో సంబంధం, కులాచారాలు, రోగం వచ్చినప్పుడు ఆశ్రయించే దారులు ఇందులో ఓపికగా నమోదయ్యాయి. విశ్వాసిని తప్పుబట్టకుండా అర్థం చేసుకోవాలన్న దృష్టి దీని బలం.

అయితే ఈ గ్రంథంలో పాస్టరేటు అనేది ప్రశ్నకు లోబడిన అంశం కంటే పరిశీలనకు చట్రంగానే ఎక్కువగా పనిచేస్తుంది. పాస్టరేటు లోపల విశ్వాసం ఎలా ఉంది అని అడిగినంత గట్టిగా, విశ్వాసం ఇలా ఉండటంలో పాస్టరేటు నిర్మాణం పాత్ర ఎంత అని అడగలేదు. ప్రభు భోజనం అప్పుడప్పుడు మాత్రమే అందే పల్లెలో, బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి గురువు అందుబాటులో లేని ఇంట్లో, ఊరి దేవత దగ్గరికి వెళ్లడాన్ని ‘హిందూ సంస్కృతి ప్రభావం’ అనే శీర్షిక పూర్తిగా వివరించలేదు. అక్కడ సంస్కృతి ప్రభావంతో పాటు సంఘం గైర్హాజరీ కూడా ఉంది.

కార్మన్, చిలుకూరి వసంతరావులు యాభై ఏళ్ల తరవాత అదే పల్లెలకు తిరిగివెళ్లి రాసిన గ్రంథం (2014) ఈ లోపాన్ని పరోక్షంగా సరిదిద్దింది. క్షీణత, పునరుజ్జీవనం అనే రెండు మాటలను ఉపశీర్షికలోనే చేర్చిన ఈ రచన పాస్టరేటు గీతలు దాటి, స్వతంత్ర సంఘాలనూ లెక్కలోకి తీసుకుంది. పాత సంఘం సన్నగిల్లిన చోట్ల కొత్త సంఘాలు వెలిశాయి. రోగుల కోసం ప్రార్థన, ఊళ్లోనే ఉండే బోధకుడు వాటికి ఆకర్షణలు. పల్నాడు పల్లెల్లో కూడా స్వతంత్ర సంఘాల విస్తరణ కంటికి కనిపించే వాస్తవమే. పాత సంఘాల నాయకత్వం దీన్ని బోధలోని తేడాగా, కొన్నిసార్లు ‘గొర్రెల దొంగతనం’గా చెబుతుంది. బడి పోయాక పంతులు ఖాళీ చేసిన స్థానాన్నే స్వతంత్ర బోధకుడు నింపాడని చూస్తే చిత్రం మారుతుంది. అతను ఊళ్లో ఉంటాడు. పిలిస్తే రాత్రయినా వస్తాడు. బల్ల కూడా తానే ఇస్తాడు. అయితే అతని లెక్కలు అడిగే కమిటీ ఉండదు, తప్పు చేస్తే పిలిచి అడిగే పైవారు ఉండరు. పాత సంఘంలో జవాబుదారీ ఉండి అందుబాటు లేదు. కొత్త సంఘంలో అందుబాటు ఉండి జవాబుదారీ లేదు.

8. మూడు సిద్ధాంతాలు, ఒకే ఆచరణ

గ్రామస్థాయి సేవకుడికి బల్ల అధికారం ఎందుకు ఇవ్వరు అన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు సిద్ధాంతం. ఆంగ్లికన్, దక్షిణ ఇండియా సంఘ సంప్రదాయంలో ప్రభు భోజనం జరిపేందుకు బిషప్ అభిషేకం అవసరం. 1999లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ డయాసిస్ సినడు అభిషేకం లేనివారికీ ఆ అవకాశం ఇవ్వాలని తీర్మానించగా ఆర్చిబిషప్ అంగీకరించకపోవడం ఈ అభిప్రాయం ఎంత గట్టిదో చూపుతుంది. 2001లో ఇంగ్లండు సంఘం మధ్యేమార్గంగా, గురువు వేరొకచోట ప్రతిష్ఠించిన రొట్టె, ద్రాక్షారసాలను అనుమతి పొందినవారు మరో సంఘానికి తీసుకెళ్లి పంచే ఆరాధన క్రమాన్ని ఆమోదించింది.

లూథరన్ సిద్ధాంతం వేరు. ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం పద్నాలుగో అధికరణం సంస్కారాలు జరిపేవారికి క్రమబద్ధమైన పిలుపు ఉండాలంటుంది. పిలుపు ఇవ్వవలసింది సంఘం కనుక, ఊరి సేవకుడికి తగిన పిలుపు ఇవ్వడానికి అక్కడ వెసులుబాటు ఎక్కువ. బాప్టిస్టు సిద్ధాంతంలో స్థానిక సంఘమే తన సేవకుడిని నియమించుకోగలదు. ఇలా మూడు సిద్ధాంతాలు మూడు రకాలుగా ఉండగా, పల్నాడులో ఆచరణ దాదాపు ఒకేలా సాగింది. మూడింటా పంతులు పాఠం చెప్పాడు, ప్రార్థన నడిపాడు. బల్ల దగ్గరికి మాత్రం పట్టా పొందిన గురువు రావలసి వచ్చింది. సిద్ధాంతం అడ్డుపడని చోట కూడా పరిస్థితి మారలేదంటే, అడ్డుపడినది చదువు, జీతం, హోదాల అంతస్తు అని భావించవలసి ఉంటుంది.

ఈ అంతస్తుకు చట్టం మరో మెలిక వేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును మతంతో ముడిపెట్టడం వల్ల దళిత క్రైస్తవులు ఆ జాబితా వెలుపల మిగిలారు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలో చేర్చారు. ఫలితంగా ఎందరో విశ్వాసులు కాగితం మీద ఒకటి, ఆదివారం మరొకటి. సభ్యత్వ పట్టికల మీద, పట్టికల ప్రకారం వచ్చే చందాల మీద ఆధారపడి పాస్టరేట్లను విడదీయడం, కలపడం చేసే పాలనా పద్ధతి ఈ వాస్తవాన్ని చూడలేదు. పట్టికలో పేరు లేని విశ్వాసికి పునర్వ్యవస్థీకరణ సభలో మాట కూడా ఉండదు.

9. చాపకూడు: పంచుకోవడానికి ప్రాంతీయ ప్రమాణం

ఉమ్మడి పరిచర్యను కొలవడానికి పల్నాడుకు సొంత ప్రమాణం ఒకటి ఉంది. మాచర్ల చెన్నకేశవుడి సాక్షిగా బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒక చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడన్న చాపకూడు కథ ఈ సీమ స్మృతిలో సజీవం. మాలవాడైన కన్నమదాసును సేనానిగా నిలిపిన కథ కూడా దానితో కలిసే వినిపిస్తుంది. కారంపూడి వీరుల ఉత్సవాల్లో చాపకూడు నేటికీ ఒక ఘట్టం.

ఈ కథను ఆదర్శంగా మాత్రమే చదవడం సరికాదు. చాప పరిచినది మంత్రి, కూర్చోమన్నదీ అతడే. పైవాడి దయ మీద ఆధారపడిన సమానత్వానికి ఆయుస్సు తక్కువ. పండుగనాడు కలిసి తిని మిగిలిన రోజుల్లో ఎవరి పల్లెకు వారు పోయే స్థితిని చాపకూడు ఆపలేకపోయింది. అయినా ఆ కథ ఒక విషయం తేటగా చెబుతుంది: పంచుకోవడం అంటే ముందుగా కూర్చునే చోటు పంచుకోవడం. కన్నమదాసుకు అన్నం పెట్టి ఊరుకోలేదు, సేనను అప్పగించారు. గ్రామసంఘాల చరిత్రలో పంతులుకు సేన బాధ్యత అప్పగించారు గాని, చాప మీద చోటు చూపలేదు.

ఈ దృష్టితో చూస్తే పునర్వ్యవస్థీకరణ ప్రణాళికలను పరీక్షించడానికి మూడు నిత్యజీవిత సందర్భాలు చాలు. మొదటిది బల్ల. గురువు రాని నెలలో సంఘం ప్రభు భోజనం లేకుండా ఉంటుందా, లేక ఆ ఊరివారిలో ఒకరికి ఆ బాధ్యత ఉందా? రెండోది లెక్కల పుస్తకం. ఊరి కానుక ఎక్కడికి పోతుంది, ఎంత తిరిగివస్తుంది, గుడి స్థలం ఎవరి పేరిట ఉంది అన్నవి ఊరివారు అడిగి తెలుసుకోగలరా? మూడోది సమాధి. చావు గురువు వంతు కోసం ఆగదు. ఎండాకాలపు పల్నాడులో శవాన్ని రేపటిదాకా ఉంచలేరు. అందువల్ల చాలా పల్లెల్లో సమాధి ఆరాధనను సంఘపెద్దో, పాత పంతులో, ఒక్కోసారి విధవరాలైన బైబిలు స్త్రీయో నడపడం అలవాటు. సంఘం ఈ పనిని మౌనంగా అంగీకరిస్తుంది. దానికి నియామకం, శిక్షణ, గుర్తింపు మాత్రం ఇవ్వదు. చనిపోయినవారిని దేవునికి అప్పగించడానికి తగినవారు బ్రతికున్నవారికి రొట్టె పంచడానికి ఎందుకు తగరు అన్న ప్రశ్నకు సంస్థలు ఇంకా జవాబు చెప్పలేదు.

10. ముగింపు

• ఇంగ్లండు పారిష్ భూభాగం మీద, పల్నాడు పారిష్ మనుషుల పట్టిక మీద నిలిచాయి. అక్కడి సడలింపు పథకాలను ఇక్కడికి యథాతథంగా తేవడం, లేని గోడను పడగొట్టడంతో సమానం. ఇక్కడ ఉన్న గోడ కులానిది, హోదాది.

• ఒక గురువు కిందికి మరిన్ని ఊళ్లు చేర్చడం, ఒక ఊళ్లో మరింతమందికి అధికారం ఇవ్వడం పరస్పర విరుద్ధమైన దారులు. రెంటినీ ఉమ్మడి పరిచర్య అని పిలవడం సరికాదు.

• దోర్నకల్ నమూనా పనిని అందరికీ పంచింది, గురువును గ్రామానికి దగ్గర చేసింది. 1947 ఐక్యత గురుత్వపు భేదాలను గురువుల స్థాయిలో పరిష్కరించింది. ఊరి సేవకుడి అధికారం రెండింటా మిగిలిపోయిన సమస్య.

• లూక్–కార్మన్ అధ్యయనం నమోదుచేసిన ఆచార మిశ్రమాన్ని సంఘ నిర్మాణపు లోటుతో కలిపి మళ్లీ చదవవలసి ఉంది. స్వతంత్ర సంఘాల విస్తరణను కూడా ఈ లోటు నేపథ్యంలో పరిశీలించాలి.

• ఆంగ్లికన్, లూథరన్, బాప్టిస్టు సిద్ధాంతాలు వేరైనా పల్నాడులో ఆచరణ ఒకేలా ఉండటం, అడ్డంకి ప్రధానంగా సిద్ధాంతంలో లేదని సూచిస్తుంది. ఉమ్మడి పాటల పుస్తకం, ఉమ్మడి వేదాంత కళాశాల ఉన్న సంఘాలకు ఊరిలో ఉమ్మడి సేవకుడు అసాధ్యం కాదు.

ఈ పరిశీలన పత్రాల మీద, ప్రచురిత గ్రంథాల మీద ఆధారపడింది. పల్నాడు పల్లెల్లో సమాధి ఆరాధనలు ఎవరు నడిపారు, ఎవరు నడుపుతున్నారు అన్న విషయం మీద మౌఖిక చరిత్ర సేకరణ జరగవలసి ఉంది. పాత పంతుళ్ల, బైబిలు స్త్రీల తరం కనుమరుగవుతోంది. వారి నోట ఆ చరిత్ర వినే వ్యవధి ఎక్కువ లేదు.